ఏజెంటు వాటా ఎంతో రెజ్యూమే పంపకముందే తేల్చుకోండి

కాంట్రాక్టు పని ఇప్పించే ఏజెంటు ఫోన్ చేసి “గంటకు ఎంత అనుకుంటున్నారు?” అనగానే అంకె చెప్పేయకండి. ముందు మీరే మూడు విషయాలు అడగండి: క్లయింటు (మీరు పనిచేయబోయే కంపెనీ) గంటకు ఎంత ఇస్తున్నాడు, మీకూ క్లయింటుకూ మధ్య ఎన్ని కంపెనీలున్నాయి, డబ్బు మీ ఖాతాలో ఎన్నాళ్లకు పడుతుంది. ఆ ఏజెంటు పేరు మీద రెజ్యూమే ఒకసారి వెళ్లిందంటే ఆ పనికి ఇంకొకరి ద్వారా వెళ్లే దారి దాదాపు మూసుకుపోతుంది. బేరమాడే బలమూ పోతుంది.

“మా వాటా 20 శాతమే” అన్నప్పుడు ఏ అంకె మీద 20 అని అడగాలి. క్లయింటు ఇచ్చే 100 మీదైతే మీకు 80 వస్తుంది. మీకిచ్చేదానికి 20 శాతం కలిపి బిల్లు వేసే పద్ధతైతే 83.33 వస్తుంది. గంటకు 3.33 తేడా అంటే నెలకు 160 గంటల మీద 533. అందుకే శాతాలు వదిలేసి బిల్ రేటు (క్లయింటు ఇచ్చేది), మీ రేటు (మీకొచ్చేది) అని రెండు అంకెలు రాయించుకోండి. పన్నులు, ఇన్సూరెన్సు, పేరోల్ ఖర్చు ఏజెంటు వాటాలోంచి పోతాయా, మీ రేటులోంచి కోస్తారా అన్నది కూడా అక్కడే రాయించాలి. దీన్ని మరిచిపోయినవాళ్లకే మొదటి పేస్లిప్ చూడగానే గుండె గుభేల్మంటుంది.

మధ్యలో లేయర్లు ఉంటే లెక్క ఇంకోలా మారుతుంది. క్లయింటు 100 ఇస్తాడు. వెండర్లను, అంటే మనుషుల్ని పంపే కంపెనీలను, చూసుకునే సంస్థ 3 తీసుకుంటుంది, వాళ్లలో క్లయింటుకు నేరుగా మనుషుల్ని పంపే ప్రైమ్ వెండర్ 12 ఉంచుకుంటాడు, మీ ఏజెంటు 15 తీసుకుని మీకు 70 ఇస్తాడు. “నేను తీసుకునేది 15 మాత్రమే” అన్న మాట నిజమే, కానీ మీ కష్టంలోంచి పోయింది 30. ఇలాంటప్పుడు మీ ఏజెంటుతో ఎంత బేరమాడినా దక్కేది కొద్దే. అదే పనికి ప్రైమ్ వెండర్ ద్వారా నేరుగా వెళ్లే వీలుందేమో చూసుకోండి.

అన్నీ నచ్చాక అనుమతి ఈమెయిల్లోనే ఇవ్వండి. ఇలా రాస్తే చాలు: “ఫలానా క్లయింటు దగ్గర ఫలానా పనికి, గంటకు 80 చొప్పున నా రెజ్యూమే పంపడానికి ఒప్పుకుంటున్నాను. ఈ అనుమతి ఈ ఒక్క పనికే, 30 రోజుల వరకే. రేటు మారితే మళ్లీ నన్ను అడగాలి.” క్లయింటు పేరు చెప్పనంటే అనుమతి ఇవ్వకండి. ఇద్దరు ఏజెంట్లు ఒకే రెజ్యూమే పంపితే, కమీషన్ తగాదా ఎందుకని చాలా కంపెనీలు రెండూ పక్కన పెట్టేస్తాయి. నష్టపోయేది మీరే.

ఇంటర్వ్యూ పాసయ్యాక “క్లయింటు బడ్జెట్ తగ్గింది, 72కి చేస్తారా?” అని ఫోన్ వస్తే ఆ ఈమెయిల్ పనికొస్తుంది. బిల్ రేటు ఎంత తగ్గిందో రాతలో చూపించమనండి. నిజంగా తగ్గి ఉంటే ఏజెంటు వాటా కూడా అదే నిష్పత్తిలో తగ్గాలి. ఇలా అడిగాక పాత రేటే ఖాయమైన సందర్భాలు తక్కువేం కాదు.

రేటు కన్నా ఎక్కువగా ఏడిపించేది చెల్లింపు గడువు. “క్లయింటు ఇచ్చాకే మీకు” అన్న క్లాజు ఉందనుకుందాం. మార్చి పనికి టైమ్‌షీట్ అప్రూవల్ ఏప్రిల్ 6న వస్తుంది, ఇన్వాయిస్ 10న వెళ్తుంది, క్లయింటు 45 రోజులకు, అంటే మే 25న చెల్లిస్తాడు, ఏజెంటు ఇంకో వారం తీసుకుంటాడు. మార్చి 1న చేసిన పనికి జూన్ 1న డబ్బు. అప్పటికి మీరు మూడు నెలల పని అరువు పెట్టినట్టు. క్లయింటు ఇచ్చినా ఇవ్వకపోయినా ఇన్ని రోజుల్లో చెల్లిస్తామని రాయించుకోండి. ఆ భారం మోసి వారం వారం చెల్లించే ఏజెంటుకు 18 శాతం వాటా ఇచ్చినా న్యాయమే. క్లయింటు డబ్బు వచ్చేదాకా మిమ్మల్ని ఆపేవాడికి అంతే వాటా దండగ.

కాంట్రాక్టు ముగిశాక అదే క్లయింటు దగ్గర నేరుగా చేరకూడదన్న షరతు 12 నెలలని ఉంటే 6కి తగ్గించమనండి. క్లయింటు గ్రూపు కంపెనీలన్నిటికీ కాకుండా మీరు పనిచేసిన విభాగానికే పరిమితం చేయించండి. ఏజెంటు చెల్లింపు ఎగ్గొడితే ఈ షరతు చెల్లదన్న వాక్యం కూడా ఉండాలి. రిఫరెన్సులు ఇంటర్వ్యూ ఖాయమయ్యాకే ఇవ్వండి. లేని ఉద్యోగం చెప్పి మీ పాత మేనేజర్ల నంబర్లు సేకరించే ఏజెంట్లు ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఫీజని మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. 1997 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 181వ ఒప్పందం కూడా, కొన్ని మినహాయింపులతో, పనివాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదనే చెబుతోంది. అయితే ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది.

ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్టు పొడిగింపు) వేళ బేరానికి మళ్లీ చోటు దొరుకుతుంది. మనిషిని వెతికే పని ఏజెంటుకు ఇక లేదు, మిగిలింది ఇన్వాయిస్, చెల్లింపు. గడువుకు నాలుగు నుంచి ఆరు వారాల ముందే అడగండి. క్లయింటు రేటు పెంచమని అడగక్కర్లేదు. ఏజెంటు వాటా 20 నుంచి 15కి దిగితే మీ 80 కాస్తా 85 అవుతుంది, అంటే 6.25 శాతం పెంపు. క్లయింటు మేనేజరు మిమ్మల్ని ఉంచుకోవాలనుకుంటున్నట్టు ఈమెయిల్లో రాశాకే ఈ మాట ఎత్తండి.