ఇరుగుపొరుగు వారితో పుస్తకాలు పంచుకోవడానికి ఫోన్‌ను ఎలా ఉపయోగించుకోవాలి?

మీరు చదివి అలమరాలో పెట్టిన పుస్తకం కోసమే పక్కింటివారు వెతుకుతూ ఉండవచ్చు. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో అందరికీ తెలిసేలా చేయడానికి ప్రత్యేకమైన యాప్ అక్కరలేదు. చాలామంది ఫోన్లలో ఉండే వాట్సాప్, దానికి తోడు ఒక గూగుల్ షీట్ (ఇంటర్నెట్‌లో అందరూ చూడగలిగే పట్టిక) చాలు.

ముందుగా ఆసక్తి ఉన్న నాలుగైదు ఇళ్లవారితో మాట్లాడి, వారు సరేనన్న తరువాతే గ్రూపు ప్రారంభించండి. గ్రూపులో చేరినవారి ఫోన్ నంబరు మిగతా సభ్యులకు కనిపిస్తుంది కనుక, అడగకుండా ఎవరినీ చేర్చకూడదు. సందేశాలు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగును ఆపి ఉంచితే పాత సంభాషణలు తరువాత వెతకడానికి దొరుకుతాయి.

తరువాత జాబితా తయారుచేయాలి. పుస్తకం వెనుక అట్టపై 978 లేదా 979తో మొదలయ్యే 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఉంటే, లైబ్రరీథింగ్ వంటి యాప్‌తో దాని బార్‌కోడ్‌ను స్కాన్ చేసి పుస్తకం పేరు, రచయిత వివరాలు పొందవచ్చు. 2007కు ముందు ఈ సంఖ్యలో 10 అంకెలే ఉండేవి. ఇంకా పాత పుస్తకాలకు అసలు సంఖ్యే ఉండకపోవచ్చు. అటువంటి వాటి వివరాలను చేత్తో టైపు చేసి, ముఖచిత్రం ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. షీట్‌లో పుస్తకం పేరు, రచయిత, యజమాని, ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంది, తిరిగి ఇవ్వవలసిన తేదీ అనే నిలువు వరుసలు సరిపోతాయి. మార్పులు చేసే అధికారం ఇద్దరికే ఇచ్చి, మిగతావారికి చూసే వీలు మాత్రమే కల్పించండి. చిరునామాలు, ఫోన్ నంబర్లు అందులో రాయవద్దు.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది పుస్తకం చేతులు మారేటప్పుడే. కావలసినవారు గ్రూపులో అడగాలి, యజమాని ఒప్పుకోవాలి, పుస్తకం ఇచ్చిన రోజే షీట్‌లో నమోదు కావాలి. ఇచ్చేముందు పుస్తకం ఎలా ఉందో ఒక ఫొటో తీసుకుంటే, చిరిగిన పేజీల విషయంలో తరువాత మాట పట్టింపులు రావు. మూడు వారాల గడువు పెట్టుకుని, తీసుకున్నవారు తమ ఫోన్ క్యాలెండర్‌లో రెండు రోజుల ముందుకు రిమైండర్ ఉంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, తీసుకున్నవారు ఆ పుస్తకాన్ని నేరుగా మూడోవారికి ఇవ్వకూడదు. యజమానికి చెప్పకుండా, షీట్‌లో రాయకుండా రెండు చేతులు మారితే దాని జాడ తెలియడం కష్టం. ఈ ఒక్క నియమం విషయంలో మొహమాటపడవద్దని నా సలహా.

కాపీరైటు ఉన్న పుస్తకాలను స్కాన్ చేసి పీడీఎఫ్‌లుగా గ్రూపులో పంచవద్దు. కొన్న ప్రతిని చదవడానికి పొరుగువారికి ఇవ్వడం వేరు, అనుమతి లేకుండా కొత్త ప్రతులు తయారుచేయడం వేరు. రెండోది రచయితకు అన్యాయం.

స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవారు కూడా మీ చుట్టుపక్కల ఉంటారు. జాబితాను నెలకోసారి ముద్రించి వారికి అందించండి. వారు కోరిన పుస్తకాన్ని గ్రూపులో అడిగి, షీట్‌లో రాయించి, ఇంటికి చేర్చే బాధ్యతను ఒక సభ్యునికి అప్పగించండి.