ముసలి పిల్లి గిన్నె దాకా వచ్చి తినకుండా వెళ్లిపోతుంటే

పదేళ్లు దాటిన పిల్లి తిండి తగ్గిస్తే "ముసలిదైపోయింది కదా" అని సరిపెట్టుకోవద్దు. వయసు ఒక్కటే పిల్లి ఆకలిని చంపదు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యండి, రెండో రోజు దాటకుండా చూపించండి. పస్తున్న పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది, బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ. చిగుళ్లు గానీ చెవుల లోపల గానీ పచ్చబడితే అప్పటికప్పుడే బయల్దేరాలి.

తినలేకపోతోందా, తినబుద్ధి కావట్లేదా?

గిన్నె పెట్టి కాస్త దూరంగా కూర్చుని చూడండి. నోటి నొప్పి ఉన్న పిల్లి చేప వాసనకి పరిగెత్తుకొస్తుంది. ముక్క నోట్లో పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి నమిలి, సగంలో జారవిడుస్తుంది. కొన్ని పిల్లులు గింజల్ని (ప్యాకెట్లో వచ్చే పొడి తిండిని) నమలకుండానే మింగేస్తాయి. అందుకే ఇంట్లోవాళ్లకి తింటున్నట్టే కనబడుతుంది. చొంగ, అందులో రక్తపు చార, నోటి కంపు, ఒళ్లు నాక్కోక బొచ్చు ఉండలు కట్టడం, ఇవన్నీ నోటి వైపే చూపిస్తాయి. ఇదంతా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. టేబుల్ మీద బెదిరిపోయిన పిల్లి డాక్టరుకి ఏమీ చూపించదు.

గిన్నె వైపే రాకుండా, వాసన తగలగానే పెదాలు నాక్కుని మొహం తిప్పేస్తే అది వికారం. దానితోపాటు నీళ్లు బాగా తాగుతూ, ఎక్కువగా ఉచ్చ పోస్తుంటే ముందు కిడ్నీలని అనుమానించాలి. షుగరులోనూ ఇలాగే ఉంటుంది. బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ చూపించాలి. ముక్కు దిబ్బడేసినా, మలబద్ధకమైనా తిండి మానేస్తుంది.

నోరు చూసే పద్ధతి

నోరు తెరవక్కర్లేదు. వెనకనుంచి పట్టుకుని బొటనవేలితో పై పెదవిని పక్కనుంచి లేపితే చాలు. గార ఎక్కువగా పై దవడలోని పెద్ద పన్ను మీద పడుతుంది. చిగురు అంచున ఎర్రటి గీత ఉంటే వాపు. కింది దవడ పక్కపళ్లలో, చిగురు పన్ను మీదికి పాకినట్టు చిన్న ఎర్రటి మచ్చ ఉంటే, పన్ను కరిగిపోయే జబ్బు కావచ్చు. పిల్లుల్లో ఇది చాలా మామూలు, నొప్పి కూడా చాలా ఎక్కువ. తోమితే పోదు, సాధారణంగా పన్ను తీసేయాల్సిందే. గొంతు దగ్గర పచ్చి పుండులా ఎర్రగా ఉన్నా, ఒకే పక్క గడ్డ కనబడినా ఆలస్యం చెయ్యొద్దు.

నాలుక కింద దారం, గేలం తీగ లాంటిది కనబడితే లాగొద్దు. రెండో కొస పేగుల్లో ఉంటే పేగు కోసుకుపోతుంది. టీకా లేని పిల్లిని ఏ కుక్కో కరిచి ఉండి, ఇప్పుడు చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే రేబిస్ కావచ్చు. దాని నోటి జోలికే పోవద్దు.

డాక్టరు దగ్గర

విజయనగరం జిల్లా చీపురుపల్లి పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి, పిల్లికి మత్తిచ్చి పళ్లు చూస్తారా, పళ్ల ఎక్స్‌రే ఉందా అని అడగండి. పన్ను వేరు సంగతి ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ముసలి పిల్లికి మత్తుకు ముందు కిడ్నీ, కాలేయం, షుగర్, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించాలి. మత్తు లేకుండా గార గీకితే పైకి కనబడేదే పోతుంది, చిగురు కింద జబ్బు అలాగే ఉంటుంది. ఒట్టి యాంటీబయాటిక్‌తో కంపు తగ్గి, మళ్లీ మొదలవుతుంది.

ఈలోపు తిండి

4 కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 కేలరీలు కావాలి. కానాగంత చేపల్ని ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముల్లు ఒక్కటీ లేకుండా తీసి, ఆ నీళ్లతోనే మెత్తగా మెదపండి. గింజలైతే పావుగంట వేడినీళ్లలో నానబెట్టి, గోరువెచ్చగా అయ్యాక పెట్టండి. చల్లటి తిండికి వాసన రాదు. లోతు తక్కువ పళ్లెంలో రెండు చెంచాలు, మూడు నాలుగు గంటలకోసారి. మన ఎండల్లో అరగంటకి మించి ఉంచొద్దు. కూరలో ముక్క కడిగి పెట్టినా పనికిరాదు, ఉల్లి, వెల్లుల్లి రసం అందులోకి దిగి ఉంటుంది, అది పిల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. ఎండు నెత్తళ్లలో ఉప్పు ఎక్కువ, కిడ్నీ జబ్బు అనుమానం ఉంటే అసలే వద్దు. బలవంతంగా కుక్కితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆ తిండంటేనే అసహ్యం పుడుతుంది కూడా.

పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ఐబుప్రోఫెన్, లవంగ నూనె, మన టూత్‌పేస్ట్ కూడా వద్దు.

పళ్లు తీశాక

రెండు వారాలు మెత్తటి తిండే. పళ్లు లేకపోయినా పిల్లి హాయిగా తింటుంది, ఆ భయం పెట్టుకోకండి. ఇంటికొచ్చిన 24 గంటల్లో ఏమీ తినకపోతే మళ్లీ ఫోన్ చెయ్యాలి. డాక్టరు రాసిన నొప్పి మందు మోతాదు పెంచొద్దు. వారానికోసారి బుట్టలో పెట్టి కిరాణా కొట్టు కాటా మీద తూయించి, బుట్ట బరువు తీసేసి రాసుకోండి. 4 కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గితే మళ్లీ చూపించండి.