సీ డ్రైవ్‌లో జాగా లేని కంప్యూటర్‌కి కొత్త విండోస్ ఎక్కించడం ఎలా

డౌన్‌లోడ్ సైజు 5, 6 జీబీయే కదా, 8 జీబీ ఖాళీ చేస్తే సరిపోతుందిలే అనుకుని మొదలుపెడతారు చాలామంది, సగం దూరం వెళ్ళాక ఆగిపోతుంది. ఎందుకంటే అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు డౌన్‌లోడ్ అయిన ఫైళ్ళు, వాటిని విప్పిన కాపీ, కొత్త విండోస్, ఇవి కాక మీ పాత విండోస్ మొత్తం (విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది, అవసరమైతే వెనక్కి రావడానికి) అన్నీ కాసేపు ఒకే డ్రైవ్ మీద కూర్చుంటాయి. నన్నడిగితే సీ డ్రైవ్‌లో 20 జీబీ పైన ఖాళీ ఉంటే నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు, 10, 12 దగ్గర ఉంటే పెన్‌డ్రైవ్ పద్ధతిలో (కింద చెప్తాను) వెళ్ళండి, అంతకన్నా తక్కువుంటే ముందు ఖాళీ చేసే పని చూడండి.

ఖాళీ చేసేముందు అసలు మీ మెషీన్‌కి కొత్తది ఎక్కుతుందో లేదో చూస్కోండి, లేకపోతే అంత కష్టం వేస్ట్. విండోస్ 11కి డిస్క్ కనీసం 64 జీబీ, ర్యామ్ 4 జీబీ, టీపీఎం 2.0 (కంప్యూటర్ లోపలుండే సెక్యూరిటీ చిప్) ఉండాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉండాలి. ఇవన్నీ ఒక్కొక్కటి వెతుక్కోనక్కర్లేదు, మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పీసీ హెల్త్ చెక్ అని చిన్న యాప్ ఉంది, రన్ చేస్తే ఏది తక్కువైందో చెప్పేస్తుంది. 32 జీబీ ఈఎంఎంసీతో (హార్డ్‌డిస్క్ బదులు బోర్డుకే అతికించి ఉండే స్టోరేజ్ చిప్) వచ్చే చిన్న లాప్‌టాప్‌లు ఉంటాయి చూడండి, ప్రాపర్టీస్‌లో 29 జీబీ అనే చూపిస్తాయి, వాటికి ఈ గోల మొత్తం అనవసరం, ఎంత ఊడ్చినా 64 అవ్వదు కదా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి అలాంటి మెషీన్ మీద తేలికపాటి లైనెక్స్ (విండోస్ బదులు ఉచితంగా దొరికే సిస్టమ్) ఏదైనా వేసేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

సరే, ఎక్కుతుంది అని తేలింది. మీ ఫైళ్ళు బయట హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి, బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్క్‌కి తాళం వేసే ఫీచర్లు) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఎక్కడుందో చూసి ఫోన్‌లోనో కాగితం మీదో రాసుకోండి, మధ్యలో రీస్టార్ట్ అయ్యి ఆ 48 అంకెలు అడిగిందంటే అప్పుడు వెతుక్కోవడానికి కంప్యూటరే ఉండదు.

ఇప్పుడు క్లీనింగ్. కనిపించిందల్లా డిలీట్ కొట్టకుండా సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి, దేనికెంత పోతోందో బార్ల రూపంలో చూపిస్తుంది. టెంపరరీ ఫైల్స్ మీద నొక్కితే పాత అప్‌డేట్‌ల చెత్త, రీసైకిల్ బిన్, అంతకుముందు ఎప్పుడో చేసిన అప్‌గ్రేడ్ తాలూకు పాత విండోస్ అన్నీ వస్తాయి, వాటికి టిక్ పెట్టి తీసెయ్యొచ్చు. కానీ అదే లిస్టులో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, అది మీ డౌన్‌లోడ్స్ ఫోల్డరే, టిక్ పెట్టారంటే అందులో దాచుకున్న సర్టిఫికెట్లు, పీడీఎఫ్‌లు అన్నీ పోతాయి. విండోస్ ఈఎస్‌డీ ఇన్‌స్టలేషన్ ఫైల్స్ అని కనిపిస్తే దాన్ని కూడా వదిలెయ్యండి, రేపు పీసీ రీసెట్ చెయ్యాలంటే అదే కావాలి.

తర్వాత వన్‌డ్రైవ్ వాడేవాళ్ళైతే ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ కొట్టండి, ఫైళ్ళు క్లౌడ్‌లో ఉంటాయి, డిస్క్ మీద మాత్రం ఖాళీ అవుతుంది, ముందు సింక్ పూర్తయిందో లేదో చూస్కుని చెయ్యండి అంతే. పెద్ద గేమ్‌లు, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి అప్‌గ్రేడ్ అయ్యాక మళ్ళీ వేసుకోవచ్చు.

ఎవరికీ కనపడకుండా జీబీలకు జీబీలు మింగేది ఇంకోటి ఉంది, హైబర్నేషన్ ఫైల్ (ఉన్న పనంతా డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపెయ్యడానికి వాడేది). విండోస్ 10లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా తీసుకుంటుంది, అంటే 8 జీబీ ర్యామ్ ఉంటే 3 జీబీ పైనే. ఫైల్ హిడెన్‌గా ఉంటుంది, మామూలుగా డిలీట్ అవ్వదు కూడా. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చి, పవర్ అనే మాట స్పెల్లింగ్, దానికి గ్యాప్ లేకుండా సి ఎఫ్ జి, ఒక స్పేస్, ముందుకి వాలిన స్లాష్, దాని పక్కనే హెచ్, మళ్ళీ స్పేస్, ఆఫ్, ఇలా కొట్టి ఎంటర్ నొక్కండి. ఏ మెసేజూ రాదు, కర్సర్ కింద లైన్‌లోకి వస్తుంది అంతే, అయిపోయిందనే అర్థం. దీంతో ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యే ఏర్పాటు) కూడా ఆగిపోతుంది, కంగారేం లేదు.

చెయ్యకూడనిది ఒకటి. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒక ఫోల్డర్ చాలా పెద్ద సైజు చూపిస్తుంది, అది చూసి ఆశపడి చేత్తో డిలీట్ చెయ్యబోకండి. అందులో చాలా ఫైళ్ళు నిజానికి సిస్టమ్ వాడుతున్నవే, ఒకే ఫైల్‌ని రెండు చోట్ల లెక్కేసి సైజు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని కెలికితే కంప్యూటర్ బూట్ అవ్వకుండా పోవచ్చు. అందులో నిజంగా పనికిరానివి డిస్క్ క్లీనప్‌లో క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కితే అదే తీసేస్తుంది.

ఇక పెన్‌డ్రైవ్ పద్ధతి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, అందులో ఉన్నదంతా తుడిచేస్తుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపుకుని దాంతో తయారు చెయ్యాలి, అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది, ఆ టూల్ పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా దింపదు, ముందు సీ డ్రైవ్‌లోకి దింపి ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి రాస్తుంది, అంటే జాగా లేదనే కదా మనం ఈ పద్ధతికి వచ్చింది, మళ్ళీ అదే జాగా తినేస్తుంది! అందుకని పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌లో తయారు చేస్కోండి, ఫ్రెండ్‌దో ఆఫీస్‌దో. లాంగ్వేజ్, ఎడిషన్ (హోమ్, ప్రో లాంటివి) మాత్రం మీ మెషీన్‌లో ఉన్నవే ఉండాలి, లేకపోతే యాప్స్ ఉంచే ఆప్షన్ రాదు.

తర్వాత మీ కంప్యూటర్ మామూలుగా ఆన్ చేసి, విండోస్ నడుస్తుండగానే పెన్‌డ్రైవ్ పెట్టి, అందులో సెటప్ అనే ఫైల్ డబుల్ క్లిక్ చెయ్యండి. కంప్యూటర్ ఆన్ అవుతుండగా వచ్చే బూట్ మెనూలోంచి వెళ్తే ఫైళ్ళు, యాప్స్ ఉంచి అప్‌గ్రేడ్ చెయ్యడం కుదరదు, అది ఫ్రెష్ ఇన్‌స్టాల్‌కి. మొదటి స్క్రీన్‌లోనే చిన్న అక్షరాలతో, సెటప్ అప్‌డేట్‌లు ఎలా దింపాలో మార్చే లింక్ ఉంటుంది, దాంట్లో నాట్ రైట్ నౌ పెట్టండి, అప్పుడు మధ్యలో అదనంగా దింపకుండా ఉన్నదాంతో ముందుకెళ్తుంది. ఇంకా స్పేస్ చాలకపోతే ఎంత కావాలో చెప్పి, బయట డ్రైవ్ ఏదైనా పెట్టమంటుంది. ఇంకో పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో పెట్టి దాన్ని సెలెక్ట్ చేస్తే కొంత భారం దాని మీద వేస్తుంది, 10 జీబీ పైన ఖాళీ ఉన్నది పెట్టండి. పనంతా అయ్యేదాకా దాన్ని పీకొద్దు, అయ్యాక కూడా కొన్నాళ్ళు ఫార్మాట్ చెయ్యకుండా దాచండి, పాత విండోస్‌కి వెనక్కి వెళ్ళాలంటే దాంట్లో ఉన్న ఫైళ్ళు అవసరం పడొచ్చు.

సీ డ్రైవ్‌లో 40 జీబీ ఖాళీ ఉన్నా స్పేస్ లేదనే ఎర్రర్ రావడం కూడా జరుగుతుంది. సిస్టమ్ రిజర్వ్డ్ పార్టిషన్ అప్‌డేట్ చెయ్యలేకపోయాం అని వస్తే అది సీ డ్రైవ్ గురించి కాదు, కంప్యూటర్ ఆన్ అవ్వడానికి కావాల్సిన బూట్ ఫైళ్ళుండే చిన్న పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం) గురించి, చాలా మెషీన్లలో అది 100 ఎంబీయే. అలాగే 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్ ఎందరికో 80070643 ఎర్రర్‌తో ఫెయిలైంది, కారణం రికవరీ పార్టిషన్‌లో అది అడిగిన 250 ఎంబీ లేకపోవడం. ఇలాంటప్పుడు ఫొటోలు ఎన్ని డిలీట్ చేసినా లాభం లేదు, పార్టిషన్‌లు సరిచెయ్యాలి, అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళతో చేయించుకోండి.

మ్యాక్ వాళ్ళకి రెండు ముక్కలు. 2020లో బిగ్ సర్ వచ్చినప్పుడు ఇన్‌స్టాలర్ ఖాళీ జాగా సరిగ్గా చూడకుండానే మొదలైపోయి కొందరి మ్యాక్‌లు మధ్యలో ఇరుక్కుపోయాయి, 2021 ఫిబ్రవరిలో గానీ యాపిల్ దాన్ని సరిచెయ్యలేదు, కాబట్టి మెషీనే చూస్కుంటుందిలే అని వదిలెయ్యకండి. ఫైళ్ళు డిలీట్ చేసినా జాగా పెరగట్లేదంటే టైమ్ మెషీన్ (మ్యాక్ బ్యాకప్ ఫీచర్) డిస్క్ మీదే దాచిన లోకల్ స్నాప్‌షాట్‌లు పట్టుకుని ఉంటాయి, మామూలుగా ఒక రోజులో అవే పోతాయి, ముందురోజే క్లీన్ చేసి పెట్టుకుంటే సరి. లైనెక్స్‌లో అయితే బూట్ పార్టిషన్‌లో పాత కర్నెల్‌లు (సిస్టమ్ గుండెకాయ లాంటి ఫైళ్ళ పాత వెర్షన్లు) నిండిపోవడమే ఎక్కువసార్లు అడ్డం, ఉబుంటు లాంటివాటిలో ఆటోరిమూవ్ కొడితే తీరిపోతుంది.

అప్‌గ్రేడ్ అయ్యాక వెంటనే విండోస్ డాట్ ఓల్డ్ తీసెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది, ఒక నాలుగైదు రోజులు ఆగండి. ప్రింటర్, వైఫై, సౌండ్, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్ అన్నీ పనిచేస్తున్నాయా చూస్కోండి, ఏదైనా తేడా వస్తే 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లోని రికవరీలో గో బ్యాక్ కొట్టి పాతదానికి వెళ్ళిపోవచ్చు. 10 రోజులు దాటాక విండోసే ఆ ఫోల్డర్ తీసేస్తుంది. అంతా బాగుంది, జాగా ఇప్పుడే కావాలి అంటే టెంపరరీ ఫైల్స్‌లో ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్‌కి టిక్ పెట్టి తీసెయ్యండి, దాని తర్వాత ఇక వెనక్కి దారి ఉండదు. హైబర్నేషన్ కావాలనుకునేవాళ్ళు ఇందాకటి కమాండే చివర ఆఫ్ బదులు ఆన్ పెట్టి మళ్ళీ కొట్టండి.