భూకంపాన్ని తట్టుకునే ఇల్లు – 4వ పాఠం: పార్కింగ్ పిల్లర్లు, వాటి రింగులు

కిందటి పాఠం చివర ఒక పని చెప్పాను. మీ ఇంటి పై అంతస్తు గోడల్ని ఒక కాగితం మీద గీసి, కింది అంతస్తు గోడల్ని దాని పక్కనే గీయమన్నాను. చెన్నైలో ఈ మధ్య కట్టిన ఇల్లయితే చాలామందికి ఒకటే బొమ్మ వచ్చి ఉంటుంది. పైన పడకగదులు, వంటగది, పూజగది, అన్నిటికీ నిండుగా గోడలు. కింద రెండు కార్లు, నాలుగు బైకులు, ఒక మూల ఈబీ (కరెంటు) మీటర్లు, ఇంకో మూల మోటారు. గోడల్లేవు, ఉన్నవి పిల్లర్లే. మనకున్న స్థలం అరగ్రౌండు, మహా అయితే గ్రౌండు (2400 చదరపు అడుగులు). కారుకి చోటు చూపించాలి కాబట్టి ఇంటిని ఎత్తి పిల్లర్ల మీద కూర్చోబెడతాం. స్టిల్ట్ ప్లస్ త్రీ అని బ్రోకర్లు చెప్పేది ఈ ఇంటినే.

ఈ పాఠమంతా ఆ కింది పిల్లర్ల గురించి, వాటి నిలువు కమ్మీల చుట్టూ కట్టే రింగుల గురించే. లెక్క కొంచెం ఉంది, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. పాఠం పూర్తయ్యేసరికి కాంక్రీటు పోయకముందు పిల్లర్ కమ్మీల కట్టుబడిని టేపు పట్టుకుని మీరే తనిఖీ చేయగలగాలి.

ముందు కుదుపు సంగతి. నేల పక్కకి జరుగుతుంది. ఇంటి బరువు మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ తేడాని మధ్యలో ఉన్న పిల్లర్లు వంగి సర్దుకోవాలి. పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి అక్కడ వంపు పెద్దగా ఉండదు, మూడంతస్తులూ కలిసి ఒకే దిమ్మలా కదులుతాయి. వంగాల్సిందంతా కింది అంతస్తు వంతుకే వస్తుంది. బిందె మీద బిందె ఎత్తుకుని నడిచే మనిషి తూలినప్పుడు బరువంతా మోకాళ్ళకు తెలిసినట్టు. ఇంజనీర్లు ఇలాంటి అంతస్తుని సాఫ్ట్ స్టోరీ అంటారు.

ఇది పుస్తకాల్లో మాటే అనుకోకండి. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు, అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. కూలినవాటిలో కింద పార్కింగ్ వదిలి కట్టినవి చాలా ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరు 25న పుదుచ్చేరి తీరానికి దగ్గర్లో సముద్రం అడుగున 5.5 తీవ్రతతో ఇంకోటి వచ్చింది, చెన్నై కూడా ఊగింది. భూకంపానికి ఇంటి లెక్క ఎలా కట్టాలో చెప్పే మన దేశపు కోడ్ ఐఎస్ 1893. అది దేశాన్ని జోన్లుగా విడదీస్తుంది, జోన్ అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. 2002లో ఆ కోడ్‌ని మార్చినప్పుడు చెన్నై రెండో జోన్ నుంచి మూడో జోన్‌కి వచ్చింది. బెంగళూరు రెండో జోన్‌లో పడింది. స్టిల్ట్ అంతస్తు పిల్లర్లను, బీములను మామూలు లెక్కకి రెండున్నర రెట్ల బలంతో కట్టమని ఆ కోడ్ చెప్పింది. 2016లో వచ్చిన కోడ్ ఇంకా ముందుకెళ్ళి, ఆ అంతస్తులో కాంక్రీటు గోడలో, పిల్లర్ల మధ్య ఏటవాలుగా బిగించే బ్రేసులో పెట్టమంది.

గోడలంటే కార్లు ఎలా తిప్పుతాం అని భయపడక్కర్లేదు. పార్కింగ్ అంచుల్లో, రెండు దిక్కుల్లోనూ, ఎదురెదురుగా సరితూగేలా పెట్టుకుంటే దారికి అడ్డం రావు. లిఫ్టు చుట్టూ కాంక్రీటు గోడ ఉంది కదా, అదే చాలు అనేవాళ్ళున్నారు. లిఫ్టు ఒక మూలన ఉంటే ఆ మూల గట్టిపడి, మిగతా ఇల్లు దాని చుట్టూ మెలి తిరుగుతుంది. రెండో పాఠంలో ఎల్ ఆకారపు ఇంటి గురించి చెప్పుకున్న చిక్కే ఇది కూడా.

ఇక లెక్క. మన ఇంటి మొత్తం బరువు 400 టన్నులు అనుకుందాం. నేల ఎంత గట్టిగా కుదుపుతుందో చెప్పడానికి మూడో జోన్‌కి 2016 కోడ్ ఇచ్చిన అంకె 0.16. అందులో సగం 0.08. మూడు నాలుగు అంతస్తుల ఇల్లు నేల ఊపుని పెంచుకుంటుంది కాబట్టి 2.5తో గుణించాలి, 0.2 వస్తుంది. అంటే ఇంటి బరువులో అయిదో వంతు, 80 టన్నుల బలం, పక్క నుంచి నెడుతుంది.

మీ స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగులు ఇచ్చేటప్పుడు 80 టన్నులకు డిజైన్ చేసి ఉండరు. 16 టన్నులకే చేసి ఉంటారు. కోడ్ ఆయనకి 80ని 5తో భాగించుకునే అనుమతి ఇచ్చింది. ఇది మోసమేమీ కాదు, ప్రపంచమంతా ఇలాంటి పద్ధతే. 80 టన్నులకు బీటకూడా పడకుండా కట్టాలంటే పిల్లర్లు పార్కింగ్‌ని మింగేస్తాయి. అందుకని ఇల్లు కాస్త దెబ్బ తిననీ, వంగనీ, బీటలు వేయనీ, కానీ కూలకూడదు అన్న లెక్క మీద డిజైన్ చేస్తారు. వంగినా తెగకుండా సాగే గుణం ఆ ఇంటికి ఉండాలి. దాన్ని ఇచ్చేది ఐఎస్ 13920 అనే ఇంకో కోడ్. మూడో జోన్ నుంచి పైకి అది తప్పనిసరి. ఆ కోడ్ ప్రకారం కమ్మీలు, రింగులు కట్టిన ఇంటికే 5తో భాగించే హక్కు. అలా కట్టని ఫ్రేముకి (పిల్లర్లు, బీముల చట్రానికి) 3తోనే భాగించాలి, అంటే దాదాపు 27 టన్నులు. రెండో జోన్ కాబట్టి బెంగళూరులో అలాంటి ఫ్రేముకి అనుమతి ఉంది, చెన్నైలో లేదు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఈ 5 అంకె. ఇంజనీరు ఏసీ గదిలో కూర్చుని 80ని 16 చేసేశారు. మిగతా 64 టన్నుల భరోసా ఎండలో బల్ల ముందు నిలబడి రింగులు వంచే కుర్రాడి చేతిలో ఉంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు.

కాబట్టి రింగు దగ్గరికి వెళ్దాం.

పిల్లర్ వంగినప్పుడు ఒక వైపు కాంక్రీటు నలుగుతుంది. ముందు పై పొర పెచ్చులుగా రాలిపోతుంది. లోపలి కాంక్రీటు పక్కలకి ఉబ్బుతూ నిలువు కమ్మీలను బయటికి తోస్తుంది. ఆ సమయంలో లోపలిదాన్ని కట్టగట్టి పట్టుకోవాల్సింది రింగే. రింగు రెండు కొసలూ కలిసే మూలన చూడండి. కొసల్ని 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే, అవి పిల్లర్ ముఖానికి సమాంతరంగా, పై పొర వెనకే ఉంటాయి. పొర రాలగానే ఆ కొసలకు పట్టు పోతుంది, రింగు విచ్చుకుంటుంది. 135 డిగ్రీలకు వంచితే కొసలు పిల్లర్ నడిబొడ్డు వైపు, లోపలి కాంక్రీటులోకి దిగి ఉంటాయి. పొర రాలినా అవి కదలవు. వంపు తర్వాత కొస పొడవు కమ్మీ మందానికి 6 రెట్లు, అది ఎంతైనా 65 మి.మీ.కి తగ్గకూడదు. 8 మి.మీ. రింగుకి 6 రెట్లంటే 48, కాబట్టి 65 ఉండాలి. మీ చూపుడు వేలు పొడవుకి కొంచెం అటూ ఇటూ. సైట్లో టేపు లేకపోయినా వేలు పెట్టి చూడొచ్చు.

90కే ఎందుకు వదిలేస్తారంటే పని తేలిక. నిలువు కమ్మీల మీదుగా రింగు ఇట్టే దిగుతుంది. 135 వంపుతో దించడానికి తంటాలు పడాలి. ఇది తెలిసి, కూలి కొంచెం ఎక్కువ మాట్లాడుకోండి. ఇంటి మొత్తం ఖర్చులో అది లెక్కలోకి రాదు.

రెండోది, రింగుకీ రింగుకీ మధ్య దూరం. సైట్లో "ఆరంగుళాలకొకటి" అని కింద నుంచి పైదాకా ఒకే కొలత వేసేస్తారు. పిల్లర్ మధ్య భాగంలో అది సరిపోవచ్చు. పిల్లర్ దెబ్బ తినేది మాత్రం రెండు కొసల దగ్గర, అంటే పాదం దగ్గరా బీము కిందా. అక్కడ దూరాన్ని ఇలా లెక్క కట్టాలి. పిల్లర్ చిన్న వైపులో నాలుగో వంతు, నిలువు కమ్మీల్లో అతి సన్నదాని మందానికి 6 రెట్లు, 100 మి.మీ. ఈ మూడింటిలో ఏది తక్కువైతే అది.

ఒకటి చేసి చూద్దాం. పిల్లర్ 300 × 450, నిలువు కమ్మీలు 16 మి.మీ.వి. నాలుగో వంతు 75. ఆరు రెట్లు 96. మూడోది 100. తక్కువది 75. అంటే మూడంగుళాలకొక రింగు, ఆరంగుళాలకు కాదు. ఇలా ఎంత పొడవు వేయాలి? పిల్లర్ పెద్ద వైపు ఎంతో అంత, బీము అడుగు దాకా ఉన్న ఎత్తులో ఆరో వంతు, 450 మి.మీ. ఈసారి వీటిలో ఏది ఎక్కువైతే అది. ఎత్తు 2700 అనుకుంటే ఆరో వంతు 450, పెద్ద వైపూ 450, మూడోది ఎలాగూ 450. కాబట్టి పైన 450, కింద 450 మి.మీ. మేర రింగులు ఒత్తుగా రావాలి. మధ్యలో చిన్న వైపులో సగానికి, అంటే 150కి మించకుండా ఉంటే చాలు. పునాదిలోకి కూడా కనీసం 300 మి.మీ. దాకా ఆ ఒత్తు రింగులే దిగాలి. ఇక్కడ 450 వైపు రింగు కాళ్ళ మధ్య దూరం 300 దాటిపోతుంది కాబట్టి మధ్యలో ఒక అడ్డ కొక్కెం, అంటే ఎదురెదురు కమ్మీలను కలిపి పట్టుకునే అడ్డ కమ్మీ, పడాలి. దాని కొసలూ 135 డిగ్రీలే.

అందరూ ఎగ్గొట్టే చోటు ఒకటుంది. బీములు వచ్చి పిల్లర్‌ని కలిసే జాయింటు. నాలుగు వైపుల నుంచి బీము కమ్మీలు దూరి అక్కడ చెయ్యి పెట్టే సందు ఉండదు. బీము కమ్మీలు పడ్డాక రింగు ఎక్కించడం కుదరదు, ముందే ఎక్కించి పెట్టుకోవాలి. ఆ ఆలోచన లేక జాయింటులో ఒక్క రింగూ లేకుండా స్లాబ్ పోసేస్తుంటారు. స్లాబ్ ముందురోజు మీరు సెంట్రింగ్ ఎక్కి చూడాల్సింది ముందుగా ఇదే. పొద్దున్నే వెళ్ళండి. మిక్సర్ వచ్చాక చెప్పినా ఎవరికీ వినబడదు.

కమ్మీల అతుకు కూడా చూడాలి. స్లాబ్ మీద నాలుగడుగులు వదిలిన కమ్మీలకు, పాదం దగ్గరే పై కమ్మీల్ని కలిపి కట్టేయడం మామూలు. పిల్లర్ అన్నిటికన్నా ఎక్కువ వంగేది సరిగ్గా అక్కడే. అతుకు ఎత్తులో నడిమి సగంలోనే ఉండాలి. మన 2700 పిల్లర్‌లో అది 675 నుంచి 2025 మధ్య. అన్ని కమ్మీల్నీ ఒకేచోట అతకకూడదు, సగానికి మించకూడదు. అతుకు పొడవునా రింగులు 100 మి.మీ.కి మించని దూరంలో రావాలి.

"సార్, ఎప్పట్నుంచో ఇలాగే కడుతున్నాం, ఒక్క బిల్డింగైనా పడిందా?" అని మేస్త్రి అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజాము దాకా మహారాష్ట్రలో లాతూర్ జిల్లా కిల్లారిలోనూ అదే మాట చెల్లింది. అప్పటి మ్యాపులో ఆ ఊరు అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లో ఉంది. ఆ భూకంపంలో వేలమంది పోయారు. మేస్త్రితో వాదనకి దిగకండి. డ్రాయింగు చూపించి, "ఇందులో ఉన్నట్టు కట్టిపెట్టండన్నా" అనండి. డ్రాయింగులోనే లేకపోతే ఇంజనీరుని అడగాల్సింది మీరు.

పిల్లర్ సైజు మీద మీ ఇంట్లోనే గొడవ వస్తుంది. గోడలో కలిసిపోవాలని తొమ్మిదంగుళాలే పెట్టమంటారు, లేకపోతే బీరువా కూర్చోదంటారు. ఐఎస్ 13920 ప్రకారం ఏ వైపూ 300 మి.మీ.కి తగ్గకూడదు. తొమ్మిదంగుళాలంటే 230. బీరువాని జరుపుకోండి. కమ్మీ కొనేటప్పుడు ఎఫ్ఈ 500డి అని దాని మీదే అచ్చయి ఉందో లేదో చూసుకోండి. చివర ఆ డి ఉన్న కమ్మీ తెగేలోపు కనీసం 16 శాతం సాగాలి, మామూలు 500కి 12 శాతమే.

ఇప్పటికే కట్టేసిన ఇంట్లో ఉన్నవాళ్ళ మాటేమిటి? రింగులు లోపల ఉన్నాయి, కనపడవు. పిల్లర్ పాదాలు మాత్రం కనపడతాయి. తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ లాంటి చోట్ల సముద్రపు ఉప్పు గాలి. వేళచ్చేరి వైపు వానాకాలంలో పార్కింగులో నిలిచే నీళ్ళు. రెండింటికీ ముందు తుప్పు పట్టేది రింగులకే, ఎందుకంటే అవి కాంక్రీటు పైకి దగ్గరగా ఉంటాయి, సన్నగానూ ఉంటాయి. పాదం నుంచి మోకాలెత్తు దాకా అడ్డంగా, సమాన దూరంలో గోధుమ రంగు చారలు కనిపిస్తే అవి రింగులు తుప్పు పట్టిన జాడలు. మూలన నిలువుగా బీట ఉంటే నిలువు కమ్మీ దాకా వెళ్ళిందన్నమాట. సిమెంటు పూసి పెయింట్ వేయించి ఊరుకుంటే లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. అసోసియేషన్ మీటింగులో లిఫ్టు అద్దాల కన్నా ముందు ఈ విషయం ఎత్తండి. స్ట్రక్చరల్ ఇంజనీరుతో కవర్ మీటరు (కాంక్రీటు లోపలి కమ్మీని పసిగట్టే పరికరం) పెట్టి చూపిస్తే రింగుల దూరం కూడా బయటి నుంచే తెలుస్తుంది. అవసరమైతే పిల్లర్ చుట్టూ కొత్త కమ్మీ, కొత్త రింగులు కట్టి కాంక్రీటు తొడుగు వేస్తారు. కొన్ని పిల్లర్ల మధ్య గోడలు లేపుతారు. ఏది ఎక్కడ అన్నది లెక్క కట్టాకే. ఎవరికి తోచిన పిల్లర్‌కి వాళ్ళు తొడుగు వేయించుకుంటే ఇల్లు మెలి తిరిగే ప్రమాదం పెరుగుతుంది.

ఈ వారం అభ్యాసం. పిల్లర్ 300 × 600. నిలువు కమ్మీల్లో నాలుగు 20 మి.మీ.వి, మిగతావి 16 మి.మీ.వి. స్టిల్ట్ నేల నుంచి బీము అడుగు దాకా 3000. కొసల్లో రింగుల దూరం ఎంత, ఎంత పొడవు మేర, అతుకు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వేయొచ్చు, అడ్డ కొక్కేలు కావాలా? కాగితం మీద రాసి పెట్టుకోండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠం మెట్ల గురించి, మేడ మీద నీళ్ళ ట్యాంకు గురించి.