సీరియల్ లైన్ పాఠాలు – 4: తప్పు డేటాను పట్టుకునేదెట్లా

పోయిన పాఠంలో ఎనర్జీ మీటరుకు వైర్లు కలిపి, బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లు పోవాలన్న లెక్క) 9600 పెట్టుకున్నాం. ఇప్పుడొస్తుంది అసలు తలనొప్పి. తాడిపత్రిలో ఒక స్లాబుల పాలిషింగ్ ఫ్యాక్టరీ అనుకోండి. మీటరు ఆర్‌ఎస్-485 కేబులు (డేటా పోయే సీరియల్ లైను), మోటారుకు పోయే వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) కేబులు ఒకే ట్రేలో పడుకుని ఉంటాయి. మిషన్ ఆగి ఉన్నంతసేపు రీడింగులు చక్కగా వస్తాయి, ఆన్ చేశారా, గోల మొదలు. దారిలో బిట్లు తిరగబడుతున్నాయన్నమాట.

మొదటి కాపలా పారిటీ, అంటే ప్రతి బైటు వెంట పంపే ఒక తనిఖీ బిట్టు. ఈవెన్ పారిటీలో డేటా ఒకట్లూ పారిటీ బిట్టూ కలిపి సరిసంఖ్య రావాలి. 03 అంటే 00000011, రెండు ఒకట్లు, కాబట్టి పారిటీ 0. ఒక బిట్టు పోతే దొరికిపోతుంది. రెండూ పోతే 00000000, దానికీ పారిటీ 0నే, ఏమీ జరగనట్టు వదిలేస్తుంది! నాయిస్ ఒక్క బిట్టును కొట్టి ఊరుకోదు, అందుకే పారిటీ మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

గట్టిది సీఆర్‌సీ, అంటే మొత్తం సందేశం మీద లెక్కకట్టి చివర తగిలించే తనిఖీ సంఖ్య. మోడ్‌బస్ ఆర్‌టీయూలో (మీటర్లతో మాట్లాడే పద్ధతి ఇది) 1వ నంబరు మీటరును 0వ రిజిస్టరు (మీటరు రీడింగు దాచుకునే గడి) అడిగితే లైను మీద పోయేది ఇది. హెక్స్ అంకెల్లో (0–9, ఏ–ఎఫ్) వరసగా మీటరు నంబరు, చదవమనే 03, రిజిస్టరు అడ్రసు, ఎన్ని రిజిస్టర్లో:

01 03 00 00 00 01 84 0ఏ

చివరి రెండు బైట్లే సీఆర్‌సీ. 16 బిట్ల రిజిస్టరులో (ఇది లెక్కకు వాడే గడి, మీటరుది కాదు) అన్నీ ఒకట్లు పెట్టి, మొదటి బైటును కింది 8 బిట్లతో ఎక్సార్ చేయండి (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0). తర్వాత ఒక్కో బిట్టు కుడికి జరుపుతూ, బయటపడింది 1 అయితే ఏ001తో ఎక్సార్, 0 అయితే ఊరికే ముందుకు. ఇట్లా 8 సార్లు అయ్యాక తర్వాతి బైటు. ఆరు బైట్లూ అయ్యాక మిగిలేది 0ఏ84. పంపేటప్పుడు కింది బైటు ముందు, అందుకే 84 0ఏ. దీన్ని తిరగేసి పంపి మీటరు పాడైందనేవాళ్లు బోలెడుమంది. వరసగా 16 బిట్ల దాకా చెడిన ఏ గుంపు తప్పయినా సీఆర్‌సీకి దొరక్క తప్పదు.

సీఆర్‌సీ కలవకపోతే మీటరు ఎర్రర్ చెప్పదు, నోరు మూసుకుంటుంది. మీకు కనబడేది టైమౌట్ మాత్రమే. అదే 83 02 అని జవాబొస్తే మీ ప్రశ్న చక్కగానే చేరింది, రిజిస్టరు అడ్రసే తప్పు, వైర్ల జోలికి పోకండి. ఎప్పుడూ టైమౌటే అయితే మీటరు నంబరు, బాడ్ రేటు, ఏ-బీ వైర్లు చూడండి. మోటారు తిరిగినప్పుడే అయితే కేబులును ఆ ట్రేలోంచి తీయండి, షీల్డూ, చివర 120 ఓమ్‌ల రెసిస్టరూ ఉన్నాయో లేదో చూడండి.

ఇంటిపని: 01 03 00 00 00 02కు చేత్తో సీఆర్‌సీ కట్టండి. సీ4 0బీ రావాలి. వచ్చే పాఠంలో ఇదే టేబుల్ పద్ధతిలో చేద్దాం.