మెదడులో ఒక్క కణజాతిలోనే జన్యువు తీసేయాలంటే: క్రీ–లాక్స్‌పీ చిట్టెలుకలతో పని

గ్రిన్1 జన్యువును చిట్టెలుక ఒంట్లో అన్ని కణాల నుంచీ తీసేస్తే పిల్ల పుట్టిన కొన్ని గంటలకే చనిపోతుంది. ఆ జన్యువు లేకపోతే, న్యూరాన్ల మధ్య సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకం తయారు కాదు. జ్ఞాపకశక్తిలో ఆ గ్రాహకం పాత్ర ఏమిటో చూడాలంటే అప్పటికి ఎలుకే మిగలదు. 1996లో ఎంఐటీలోని సుసుము తోనెగావా ప్రయోగశాలలో జో చియెన్, ఆయన సహచరులు ఈ చిక్కుముడి విప్పారు. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో, సీఏ1 అనే భాగపు న్యూరాన్లలో, అదీ పుట్టి కొన్ని వారాలు గడిచాకే, గ్రిన్1 తొలగేలా చేశారు. ఎలుకలు బతికి పెద్దవయ్యాయి. నీటితొట్టిలో కనబడకుండా మునిగి ఉన్న తిన్నె ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడంలో మాత్రం బాగా వెనకబడ్డాయి.

ఈ పద్ధతే క్రీ–లాక్స్‌పీ: తీసేయాల్సిన జన్యు ముక్కకు ఇరువైపులా లాక్స్‌పీ గుర్తులు పెడతారు, ఎంచుకున్న కణాల్లో తయారయ్యే క్రీ ఎంజైమ్ ఆ ముక్కను తీసేస్తుంది. ఇప్పుడిది మెదడు పరిశోధనలో రోజువారీ పని. అయితే ఎలుకల లైన్ (ఒకే జన్యుమార్పుతో పెంచుకొచ్చే వంశం) పేరులో ఏ కణం పేరుంటే ఆ కణంలోనే జన్యువు పోతుందని నమ్మి మొదలుపెట్టినవాళ్లు చాలాసార్లు ఏడాదిన్నర పని పోగొట్టుకుంటారు. కింద రాసినదంతా ఆ నష్టం రాకుండా చూసుకోవడానికే.

లాక్స్‌పీ ఎక్కడ పెట్టాలి

క్రీ అనే ఎంజైమ్ పీ1 అనే బాక్టీరియోఫేజ్ నుంచి వచ్చింది. అది గుర్తుపట్టేది లాక్స్‌పీ అనే 34 బేస్ జతల వరసను. ఇరువైపులా ఒకదానికొకటి తిరగేసినట్టుండే 13 చొప్పున, నడుమ 8. ఆ నడిమి ఎనిమిదే దిశను నిర్ణయిస్తాయి. రెండు లాక్స్‌పీలూ ఒకే దిక్కుకు ఉంటే మధ్య ముక్క ఊడిపోతుంది. ఎదురెదురుగా ఉంటే ఆ ముక్క తలకిందులవుతుందే తప్ప పోదు.

తీసేయాల్సిన ఎక్సాన్‌కు (చివరి ఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యు ముక్కకు) మూడు లక్షణాలుండాలి. ఆ జన్యువు నుంచి వచ్చే అన్ని ట్రాన్స్‌క్రిప్టుల్లోనూ, అంటే ఆర్‌ఎన్‌ఏ నకళ్లలోనూ, అది ఉండాలి. జన్యువు మొదటి భాగంలో ఉండాలి, కానీ మొట్టమొదటి ఎక్సాన్ కాకపోతే మేలు. మెదడులో చాలా జన్యువులకు రెండో ప్రొమోటర్ (జన్యువును చదవడం మొదలయ్యే చోటు) ఉంటుంది, మొదటి ఎక్సాన్ పోయినా కణం అక్కడి నుంచి చదువుకుంటుంది. మూడోది, దాని పొడవు 3తో నిశ్శేషంగా భాగింపబడకూడదు. 141 బేసుల ఎక్సాన్ పోతే 47 అమైనో ఆమ్లాలు తగ్గిన ప్రోటీన్ తయారై పని చేస్తూనే ఉండొచ్చు. అదే 142 అయితే చదివే చట్రం తప్పి ముందే ఆపు సంకేతం వస్తుంది. తర్వాతి ఎక్సాన్‌ను కూడా కణం దాటేస్తే చట్రం మళ్లీ సరిపోతుందేమో కాగితం మీద లెక్క వేసుకోండి. ఇది పది నిమిషాల పని. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

లాక్స్‌పీలను ఇంట్రాన్లలో (ఎక్సాన్ల మధ్య ఉండి ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసివేయబడే భాగాల్లో), స్ప్లైస్ హద్దుకు (ఎక్సాన్, ఇంట్రాన్ కలిసే చోటుకు) కనీసం 150–200 బేసుల దూరంలో, ఇతర క్షీరదాల్లో మార్పు లేకుండా నిలిచిన వరసలకు తగలకుండా పెట్టాలి. రెండింటి మధ్య 500 నుంచి 2,000 బేసులుంటే తొలగింపు చక్కగా జరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ క్రీ పనితనం తగ్గుతుంది.

కొత్తగా చేయించే ముందు అంతర్జాతీయ నిల్వల్లో వెతకండి. అక్కడ దొరికేవాటిలో చాలా వరకు టీఎం1ఏ రకం. అది ఫ్లాక్స్ ఎలుక (జన్యువు మామూలుగా పని చేస్తూ, ముక్కకు ఇరువైపులా లాక్స్‌పీలు మాత్రమే ఉన్నది) కాదు: ఇంట్రాన్‌లో చేర్చిన క్యాసెట్ అనే డీఎన్‌ఏ ముక్క జన్యువును ముందే అడ్డుకుంటుంది. క్రీలాగే డీఎన్‌ఏ ముక్కను తీసేసే ఫ్లిప్ ఎంజైమ్ ఉన్న ఎలుకతో ఒక తరం కలిపి ఆ క్యాసెట్‌ను తీసేస్తేనే టీఎం1సీ, అంటే అసలైన ఫ్లాక్స్, వస్తుంది. ఇంకో సంగతి: ఈ లైన్లలో అధికభాగం సీ57బీఎల్/6ఎన్ అనే ప్రయోగశాల ఎలుక రకపు నేపథ్యానివి. 6ఎన్‌లో సీఆర్‌బీ1 జన్యువులో ఆర్‌డీ8 అనే మార్పు ఉంటుంది, అది రెటీనాను దెబ్బతీస్తుంది. చూపు మీద ఆధారపడే ప్రవర్తన పరీక్షలు చేసేవాళ్లు దీన్ని పీసీఆర్‌తో (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను ఎన్నో నకళ్లుగా పెంచే పరీక్షతో) చూసి, దగ్గరి రకమైన 6జే నేపథ్యంలోకి మార్చుకుంటూ ఆర్‌డీ8ను వదిలించుకోవాలి.

క్రిస్పర్‌తో (డీఎన్‌ఏను కోరిన చోట సవరించే పద్ధతితో) కొత్తగా చేయిస్తే, రెండు లాక్స్‌పీలనూ ఒకే పొడవాటి ఏకపోగు డీఎన్‌ఏ ముక్కలో పంపమనండి. రెండు పొట్టి ముక్కలుగా పంపితే ఒకటి తల్లి క్రోమోజోమ్‌లో, మరొకటి తండ్రి క్రోమోజోమ్‌లో కూర్చోవచ్చు. మామూలు పీసీఆర్‌లో రెండూ ఉన్నట్టే కనిపిస్తాయి. రెండు లాక్స్‌పీలనూ కలుపుకొనేలా పొడవైన పీసీఆర్ చేసి, పూర్తిగా సీక్వెన్స్ చేయించి, ఆ ముక్క మీద నేరుగా క్రీ ఎంజైమ్ వేసి తెగుతుందో లేదో చూడాలి.

క్రీ ఎంపిక: పేరు చాలదు

లైన్ పేరులో క్రీకి ముందున్నది, క్రీని నడిపే ప్రొమోటర్ ఏ జన్యువుదో చెబుతుంది. నెస్టిన్-క్రీ గర్భంలో సుమారు 11వ రోజు నుంచే పని మొదలుపెడుతుంది. అది పూర్వకణాల్లో పని చేస్తుంది కాబట్టి న్యూరాన్లు, గ్లియా (వాటికి తోడుండే కణాలు) రెండింటిలోనూ జన్యువు పోతుంది. పైగా ఫ్లాక్స్ ఏదీ లేకపోయినా ఈ లైన్ ఎలుకలు చిన్నవిగా, తక్కువ బరువుతో ఉంటాయి. జీఎఫ్‌ఏపీ-క్రీ ఆస్ట్రోసైట్లకే (ఒక రకం గ్లియా) పరిమితమనుకుంటే పొరపాటే, పిండదశలో నాడీ పూర్వకణాలూ ఆ ప్రొమోటర్‌ను వాడుకుంటాయి. పెద్ద ఎలుకల్లో ఆస్ట్రోసైట్లే కావాలంటే టమాక్సిఫెన్ అనే మందు ఇస్తేనే క్రీ పని చేసే రకం తీసుకోండి. ఈఎంఎక్స్1-క్రీ కార్టెక్స్, హిప్పోక్యాంపస్‌లోని ఉత్తేజక న్యూరాన్లకు బాగుంటుంది కానీ అక్కడి ఆస్ట్రోసైట్లనూ తాకుతుంది. మైక్రోగ్లియాకు (మెదడులోని రక్షణ కణాలకు) వాడే సీఎక్స్3సీఆర్1-క్రీఈఆర్ రక్తంలోని మోనోసైట్లలోనూ పని చేస్తుంది. మోనోసైట్లు త్వరగా మారిపోతాయి, మైక్రోగ్లియా చాలాకాలం ఉంటుంది. అందుకే టమాక్సిఫెన్ ఇచ్చాక 4–6 వారాలు ఆగితే తేడా తేలుతుంది.

పైన చెప్పిన గ్రిన్1 పనిలో వాడిన క్యామ్‌కే2ఏ-క్రీ, టీ29-1 లైన్, పుట్టాక మూడో వారంలో సీఏ1లో మొదలై వయసు పెరిగేకొద్దీ కార్టెక్స్‌లోకీ విస్తరిస్తుంది. అందుకని పరీక్ష ఏ వయసులో చేస్తారో ముందే ఖాయం చేసుకొని, అన్ని ఎలుకలనూ ఆ వయసులోనే పరీక్షించాలి. రెండు నెలల ఎలుక, ఐదు నెలల ఎలుక ఒకే గుంపులో ఉంటే అవి రెండు వేరు ప్రయోగాలే.

జతలు కట్టడం

మొదటి తరం: ఫ్లాక్స్/ఫ్లాక్స్ ఎలుకను (జన్యువు రెండు ప్రతుల్లోనూ ఫ్లాక్స్ ఉన్నది) క్రీ/+ ఎలుకతో (ఒక్క ప్రతిలోనే క్రీ ఉన్నది, + అంటే మామూలు ప్రతి) కలపండి. పిల్లల్లో సగం ఫ్లాక్స్/+, క్రీ/+ అవుతాయి.

రెండో తరం: వాటిని మళ్లీ ఫ్లాక్స్/ఫ్లాక్స్‌తో కలిపితే నాలుగు రకాల పిల్లలు, ఒక్కో రకం 25 శాతం చొప్పున వస్తాయి. మీకు కావాల్సిన ఫ్లాక్స్/ఫ్లాక్స్, క్రీ ఉన్నవి నాలుగో వంతు. మగవే కావాలంటే ఎనిమిదో వంతు. పది మగ ఎలుకలకు దాదాపు 80 పిల్లలు పుట్టాలి. ఈతకు ఆరు పిల్లలు దక్కుతాయనుకుంటే 13–14 ఈతలు. గర్భం 19–21 రోజులు, తల్లి నుంచి వేరు చేసేది 21వ రోజున, జతకట్టే వయసు 6–8 వారాలు. ఈ లెక్కతో మొదటి జత కట్టిన రోజు నుంచి పెద్ద ఎలుకల మీద పరీక్ష దాకా 8–9 నెలలు పెట్టుకోండి. మన దగ్గర సంస్థలోని జంతు నైతిక కమిటీ, జీవభద్రత కమిటీ అనుమతులు ముందే తీసుకోవాలి. అక్కడ రాసే సంఖ్యలో వాడే ఎలుకలనే కాక పుట్టబోయే పిల్లలన్నిటినీ లెక్కలోకి తెస్తే మధ్యలో పని ఆగదు.

క్రీ పని చేసిన కణాన్ని ఎర్రగా వెలిగించే టీడీటొమాటో రిపోర్టర్, అంటే ఏఐ14, కూడా కలపాలనుకుంటే దాన్ని ఫ్లాక్స్/ఫ్లాక్స్ తల్లిదండ్రుల వైపు ఏఐ14/ఏఐ14గా ముందే స్థిరపరచండి. నాలుగో వంతు నాలుగో వంతుగానే ఉంటుంది. ఈఎంఎక్స్1-క్రీతో మాత్రం జాగ్రత్త: ఏఐ14 ఉండే రోసా26, ఈఎంఎక్స్1 రెండూ 6వ క్రోమోజోమ్‌లోనే ఉన్నాయి. రెండూ స్వతంత్రంగా పంచుకోబడవు, మామూలు లెక్కలు తప్పుతాయి. మీ ఫ్లాక్స్ జన్యువు, క్రీ ఒకే క్రోమోజోమ్‌లో ఉన్నాయేమో జత కట్టే ముందే చూడండి.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ ప్రయోగాలను పాడుచేసే విషయం. మెదడుకని చేసిన క్రీ వృషణంలోనో అండంలోనో కూడా పని చేస్తే, ఫ్లాక్స్ బీజకణంలోనే తెగిపోతుంది. అలా పుట్టిన పిల్ల ఒళ్లంతా ఒక ప్రతి లేకుండా పుడుతుంది. 2020లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో, నాడీమండలానికి వాడే 60కి పైగా క్రీ లైన్లు చూస్తే సగానికి పైగా ఈ దోషం ఏదో ఒక మేరకు కనిపించింది. సినాప్సిన్1-క్రీ, క్యామ్‌కే2ఏ-క్రీ మగవాటి బీజకణాల్లో ఇలా చేస్తాయి. ఈ రెండింటికీ రెండో తరంలో క్రీ తల్లి నుంచే రావాలి. మీ లైన్ ఏదైనా, క్రీ ఏ వైపు నుంచి వచ్చిందో పంజరం కార్డు మీద రాయండి.

జినోటైపింగ్: ఏ పిల్లకు ఏ ప్రతులున్నాయో చూడటం

చెవి నుంచి తీసిన 2 మిల్లీమీటర్ల ముక్క చాలు.

1. 25 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 0.2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న ద్రావణం 75 మైక్రోలీటర్లు పోసి, 95 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచండి. ముక్క పూర్తిగా కరగక్కర్లేదు.
2. చల్లార్చి, 40 మిల్లీమోలార్ ట్రిస్-హెచ్‌సీఎల్, పీహెచ్ 5, మరో 75 మైక్రోలీటర్లు కలపండి. ఇది మరిచిపోతే క్షారం వల్ల పీసీఆర్ నడవదు.
3. 20 మైక్రోలీటర్ల పీసీఆర్‌కు పైతేట నుంచి 1–2 మైక్రోలీటర్లు తీసుకోండి. అంతకంటే ఎక్కువ వేస్తే బ్యాండ్ బలపడే బదులు మాయమవుతుంది.

ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవాలో చూపే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు) మూడు కావాలి. మొదటిదీ రెండోదీ ముందరి లాక్స్‌పీకి అటూ ఇటూ ఉండేలా, మూడోది వెనక లాక్స్‌పీ దాటాక. ఉదాహరణకు, మామూలు ప్రతికి 220 బేసులు, ఫ్లాక్స్‌కు 300, తెగిపోయిన ప్రతికి 400 వచ్చేలా కట్టుకుంటే జెల్ మీద స్పష్టంగా విడిపోతాయి. ఎక్స్‌టెన్షన్ 20–30 సెకన్లే ఇస్తే తెగని పొడవాటి ముక్క పెరగదు. అగరోజ్ 2.5–3 శాతం. ఫ్లాక్స్/+ ఎలుకల్లో రెండు బ్యాండ్ల పైన మూడోది ఒకటి మసకగా కనబడుతుంది. అది రెండు రకాల పోగులు జతపడటం వల్ల వచ్చేది, తెగిన ప్రతి అని రాసుకోకండి. తేల్చుకోవడానికి మొదటి, మూడో ప్రైమర్లతో విడిగా ఇంకో పీసీఆర్ పెట్టండి.

చెవి డీఎన్‌ఏలో తెగిన బ్యాండ్ వస్తే ముందు ఆ పిల్లకు క్రీ ఉందా లేదా చూడాలి. క్రీ ఉంటే, చెవిలోని నరాల్లోనో చర్మంలోనో అక్కడికక్కడే తెగి ఉండొచ్చు. క్రీ లేని పిల్లలో ఆ బ్యాండ్ వస్తే మాత్రం తల్లి లేదా తండ్రి బీజకణంలోనే తెగినట్టు. అందుకే క్రీ లేని పిల్లలకూ ఈ పరీక్ష చేయాలి. ఖర్చు మిగులుతుందని వాటిని వదిలేసేవాళ్లకు ఈ దోషం ఎన్నటికీ కనబడదు. అలాంటి పిల్లలు ప్రయోగంలోకి రాకూడదు, పోల్చి చూసే కంట్రోల్‌గా కూడా.

టమాక్సిఫెన్‌తో సమయం చేతిలోకి

క్రీఈఆర్‌టీ2 (టమాక్సిఫెన్ అందితేనే పని చేసే క్రీ) ఉన్న ఎలుకల్లో తొలగింపు మీరు చెప్పినప్పుడే మొదలవుతుంది. మొక్కజొన్న నూనెలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున టమాక్సిఫెన్ వేసి, రేకు చుట్టి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా కుదుపుతూ కరిగించండి. గింజలు మిగిలితే మోతాదు ఎలుకకో రకంగా పోతుంది. కిలోకు 75 మిల్లీగ్రాముల చొప్పున 25 గ్రాముల ఎలుకకు దాదాపు 94 మైక్రోలీటర్లు. పొట్టలోకి, రోజుకొకసారి, ఐదు రోజులు. ఆఖరి సూది తర్వాత కనీసం వారం ఆగండి. ఎక్కువ కాలం నిలిచే ప్రోటీన్లకు మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. బరువు రోజూ చూడండి, కొంత తగ్గడం మామూలే, 15 శాతం దాటితే ఆపండి. సూది వేసిన ఎలుకలను వేయనివాటితో ఒకే పంజరంలో పెట్టకూడదు, మలమూత్రాల ద్వారా మందు అంటుతుంది. ఇది హార్మోన్ల మీద పనిచేసే మందు కాబట్టి గర్భిణులు దీన్ని ముట్టుకోకూడదు, మిగతావాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి.

కంట్రోల్ ఎలుకలకూ అదే మోతాదు ఇవ్వాలి. టమాక్సిఫెన్ ఒక్కటే ప్రవర్తనను మార్చగలదు. రెండు మూడు క్రీ ఉన్న ఎలుకలకు ఉత్త నూనె ఇచ్చి, మందు లేకుండానే కొన్ని కణాల్లో తెగుతోందేమో కూడా చూడండి.

లైన్ ఏదీ సరిపోకపోతే ఫ్లాక్స్/ఫ్లాక్స్ ఎలుక మెదడులోకి ఏఏవీ-క్రీ (క్రీ జన్యువును మోసుకెళ్లే వైరస్) సూది వేయడం మరో దారి: 300–500 నానోలీటర్లు, నిమిషానికి 50–100 చొప్పున, సూది పది నిమిషాలు అక్కడే ఉంచి తీయడం, మూడు వారాలు ఆగడం. వైరస్ గాఢత ఎక్కువైతే క్రీయే న్యూరాన్లను చంపుతుంది, కణపు డీఎన్‌ఏలో లాక్స్‌పీని పోలిన చోట్ల తెంపడం వల్ల. మూడు పలుచనలతో ముందు పరీక్షించి, న్యూరాన్లు తగ్గనిదాన్నే వాడండి. కంట్రోల్ వైరస్‌లో పనిచేయని క్రీ ఉండాలి.

నిజంగా పోయిందా

కంట్రోల్ అంటే చాలామంది క్రీ లేని ఫ్లాక్స్/ఫ్లాక్స్ తోబుట్టువులతో సరిపెడతారు. అది సగమే. క్రీ ఉండి ఫ్లాక్స్ లేని గుంపు కూడా కావాలి, లేకపోతే నెస్టిన్-క్రీ చిన్న ఎలుకలను చూసి జన్యువు వల్లే బరువు తగ్గిందని రాసేస్తారు. ఫ్లాక్స్ కూడా నిర్దోషి అనుకోకండి. ఇంట్రాన్‌లో మిగిలిన నియో క్యాసెట్ (ఎలుక తయారీలో వాడిన యాంటీబయోటిక్ నిరోధక ముక్క) వల్ల క్రీ లేకుండానే ప్రోటీన్ తగ్గిన లైన్లున్నాయి. ఫ్లాక్స్/ఫ్లాక్స్‌ను మామూలు ఎలుకతో ఒకసారి పోల్చి చూడండి.

ఏఐ14 ఎరుపు వెలిగిందంటే మీ జన్యువు పోయిందని కాదు. ఏఐ14లో తెగాల్సిన ముక్క ఒక కిలోబేస్ లోపే, రోసా26 తెరుచుకున్న చోటు. మీ ఫ్లాక్స్ అంత సులువుగా తెగకపోవచ్చు. ఆర్‌ఎన్‌ఏను కొలిచే క్వాంటిటేటివ్ పీసీఆర్‌లో ప్రైమర్లలో ఒకటైనా పోవాల్సిన ఎక్సాన్ లోపల ఉండాలి. బయట పెడితే మిగిలిన ఆర్‌ఎన్‌ఏను కొలుస్తారు. ప్రోటీన్‌ను చూపే వెస్టర్న్ బ్లాట్‌లో కార్టెక్స్ మొత్తం వేస్తే, న్యూరాన్లలో పూర్తిగా పోయినా గ్లియా, రక్తనాళాల కణాల నుంచి బ్యాండ్ మిగులుతుంది. కాబట్టి చివరి తీర్పు మెదడు కోత (పలుచని ముక్క) మీదే: మీ ప్రోటీన్‌కో ఆర్‌ఎన్‌ఏకో రంగు వేసి, పక్కనే న్యూఎన్ (న్యూరాన్లు), జీఎఫ్‌ఏపీ (ఆస్ట్రోసైట్లు), ఐబా1 (మైక్రోగ్లియా) గుర్తులతో కణాలు లెక్కపెట్టాలి. ప్రోటీన్‌కు రంగు పట్టించే యాంటీబాడీ సరైనదేనా అనేదానికి తొలగించిన చోటే మంచి పరీక్ష, అక్కడ రంగు తగ్గకపోతే అనుమానించాల్సింది ముందు యాంటీబాడీనే. ప్రవర్తన పరీక్ష చేసిన ప్రతి ఎలుక మెదడునూ ఇలా చూసి, తొలగింపు జరగనివాటిని ఏ లెక్కన పక్కన పెడతారో పరీక్ష మొదలుకాకముందే రాసిపెట్టుకోండి. లెక్కపెట్టేవాళ్లకు ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు.