పనిలో లెక్కలు – 4వ పాఠం: ఈ గదికి టైల్స్ ఎన్ని బాక్సులు?

పోయిన పాఠంలో గజాలను ఎస్‌ఎఫ్‌టీలోకి, అంటే చదరపు అడుగుల్లోకి మార్చడం చూశాం. గజానికి 9, అంతే. ప్లాటు చూడబోయేవాళ్లకు అది చాలు. ఈసారి గదిలోకి వద్దాం.

బోడుప్పల్‌లో ఒక ఫ్లాట్, అందులో ఒక బెడ్రూమ్ అనుకోండి. మేస్త్రీ టేపు పట్టి చీటీ మీద "12 × 11.10" అని రాసిచ్చాడు. అంటే 11 అడుగుల 10 అంగుళాలు. దాన్ని ఫోన్‌లో ఉన్నదున్నట్టు కొడితే 133.2 వస్తుంది. తప్పు. అడుగుకు 12 అంగుళాలని క్యాలిక్యులేటర్‌కు తెలీదు కదా, 11.10ని 11.1 అనుకుంటుంది. అంగుళాలను 12తో భాగించాకే చుక్క పెట్టాలి: 10ని 12తో భాగిస్తే 0.83, కాబట్టి 11.83.

నోటిలెక్క ఇంకా తేలిక. పన్నెండు పన్నెండ్లు 144. ఒక వైపు 2 అంగుళాలు తక్కువ, అంటే 12 అడుగుల పొడవున్న రెండంగుళాల పట్టీ. అది 2 ఎస్‌ఎఫ్‌టీ. తీసేస్తే 142. చీటీ లెక్కకీ దీనికీ దాదాపు 9 తేడా!

స్కర్టింగ్‌కు, అంటే గోడల అడుగున చుట్టూ అంటించే టైల్ పట్టీకి, చుట్టుకొలత సుమారు 48 అడుగులు, గుమ్మానికి 3 పోతే 45. ఎత్తు 4 అంగుళాలు, అంటే అడుగులో మూడో వంతు. కాబట్టి 15. మొత్తం 157. కటింగ్ వేస్టేజ్ కింద పదో వంతు, 16 కలిపితే 173. (ఏటవాలుగా వేయిస్తే ఇంకా ఎక్కువ పోతుంది.)

ఇప్పుడు బాక్సులు. షాపులో 2 బై 2 టైల్ అంటారు, బాక్సులో 4 ఉంటే 16 ఎస్‌ఎఫ్‌టీ అని కట్టేస్తారు. బాక్సు మీద ఏముందో చదవండి: 600 × 600 మి.మీ. రెండడుగులంటే దాదాపు 610. నాలుగు టైల్స్ కలిపితే 1.44 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 10.76 ఎస్‌ఎఫ్‌టీ కాబట్టి దాంతో గుణిస్తే 15.5 ఎస్‌ఎఫ్‌టీ. 173ని 16తో భాగిస్తే 10.8, అంటే 11 బాక్సులు. 15.5తో భాగిస్తే 11.2, అంటే 12. షాపు లెక్క నమ్ముకుంటే చివరి మూల దగ్గర పని ఆగొచ్చు. మళ్లీ వెళ్తే అదే బ్యాచ్, అదే షేడ్ దొరుకుతుందో లేదో, టెన్షన్ అక్కడే. నన్నడిగితే 11.05 వచ్చినా 12 తెచ్చుకోమంటాను.

అభ్యాసం: గది 10 అడుగుల 8 అంగుళాలు × 9 అడుగుల 3 అంగుళాలు. గుమ్మం, స్కర్టింగ్, బాక్సు అవే. ముందు నోటితో అంచనా కట్టి, తర్వాతే ఫోన్ తీయండి. 8 బాక్సులు రావాలి.

వచ్చే పాఠం బిల్లు మీద: జీఎస్టీ కలిపిన ధరలోంచి 18 శాతం తీసేస్తే అసలు ధర ఎందుకు రాదు?